ఆదెప్ప అచ్చు

కుప్పం,
జూన్ 16.

ప్రియమైన అత్తకు,

ఈ ఉత్తరం అచ్చులో ఉందని కంగారు పడకు. పత్రికా కాదు, నోటీసూ కాదు. నేనే. ఇవి నేను గీసిన అక్షరాలు. రెండేళ్ళుగా కంప్యూటర్లో వీటితో కుస్తీ పడుతున్నానని నాన్న నీతో చెప్పే ఉంటాడు. "ఉద్యోగం చేస్తా ఉండాది, ఇంకా అ ఆలు దిద్దుకుంటాండాది" అని నవ్వి కూడా ఉంటాడు. ఇప్పటికి ఇవి ఒక ఉత్తరం రాయగలిగేంత అయ్యాయి. మొదటి ఉత్తరం నీకే.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను "ఊ", "సరే" తప్ప ఇంకేమీ అననని నీకు తెలుసు. పైగా వీటిని తెర మీద చూస్తే లాభం లేదు, కాగితం మీద చదవాలి. నీ షాపులో పుంగనూరు సగం ఊరి పెండ్లి పత్రికలు అచ్చయ్యాయి. అందుకే నిన్ను అడుగుతున్నాను. చదువుతూ నీ కన్ను ఎక్కడ ఆగితే అక్కడ ఎర్ర పెన్నుతో గీత పెట్టి, ఈ కాగితాన్నే తిరిగి పంపు.

ఎందుకు మొదలుపెట్టానని ఎవరూ అడగలేదు కాబట్టి చెప్తాను. కాన్వెంటులో సిస్టర్ ఆగ్నెస్ దగ్గర ఒక ప్రార్థన పుస్తకం ఉండేది. అందులోని ఇంగ్లీషు అక్షరాలకు పాదాలుండేవి. గీత లావుగా దిగి, సన్నబడి, అడుగున ఒక చిన్న పాదం మీద నిలబడేది. ప్రార్థన వదిలేసి నేను ఆ పాదాలనే చూసేదాన్ని. తర్వాత తెలుగు వాచకం తెరిస్తే అన్ని గీతలూ ఒకే మందం, సైకిల్ ట్యూబుల్లా. నాకు అసూయ పుట్టింది. మన అక్షరాలకు పాదాలు లేవు, తలకట్టు ఉంది. ఇంగ్లీషు అక్షరం కాళ్ళు సర్దుకుని నిలబడితే, మనది కొప్పు సర్దుకుని కూర్చుంటుంది. రెంటినీ ఒకే ఇంటి పిల్లల్లా గీయాలని ఆశ. పెండ్లి పత్రికలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉన్నప్పుడు అవి పరాయివాళ్ళలా ముఖాలు తిప్పుకుని ఉండకూడదు.

పేరు కూడా పెట్టాను, 'పుంగనూరు' అని. మీ ఊరి పొట్టి ఆవుల్లా వీటి కాళ్ళు చిన్నవి, నడక నెమ్మది.

ఉషక్కకు సంబంధాలు చూస్తున్నారు. తన పత్రిక నా అక్షరాల్లోనే అని మాటిచ్చాను. తొందరగా చదువు.

నీ
కీర్తి


పుంగనూరు,
జూన్ 28.

కీర్తమ్మకు, అత్త రాసేది.

ఎర్ర పెన్ను దొరకలేదు. కుంకుమ రంగు ఇంకులో పుల్ల ముంచి గీతలు పెట్టాను. మరకలు చూసి ఎవరికో దెబ్బ తగిలిందనుకోవద్దు.

మీ మామ సుబ్రహ్మణ్యం మిషన్ ఆపి మరీ చదివాడు. కాగితం దూరంగా పెట్టాడు, దగ్గరగా పెట్టాడు. "అచ్చం మీ అన్న కూతురే. సన్నంగా ఉండాయి, మూలన నిలబడుకోని ఉండాయి, పిలిస్తే గాని పలకవు" అన్నాడు. నేను గట్టిగా తిట్టాను. తిట్టిన తర్వాత చూస్తే నాకూ అట్లాగే అనిపించింది.

చదవడానికి హాయిగానే ఉంది. ఉత్తరం అయిపోయిందని తెలియకుండా అయిపోయింది. కానీ నాది పత్రికల షాపు కదా, అచ్చు వేసి చూడాలి కదా. నువ్వు పంపిన ఫైలుతో ఎర్ర అట్ట మీద బంగారు ఇంకుతో ఒకటి తీశాము. మా దగ్గరికి వచ్చే పెండ్లివాళ్ళందరికీ అదే కావాలి. నీ సన్న గీతలు ఎక్కడికి పోయాయో పోయాయి. లావువి మాత్రమే మిగిలి, ప్రతి అక్షరమూ పండ్లు ఊడిన ముసలమ్మ మాదిరి కూర్చుంది. వీటికి కొంచెం అన్నం పెట్టు తల్లీ.

ఇంకొకటి. ఎవరైనా అక్షరాలకు ఆవు పేరు పెడతారా? రేపు ఎవరో వచ్చి "మాకు పుంగనూరు వెయ్యి" అంటే నేను కొట్టంలోకి పోయి తోలుకొని రావాలా?

వేరుశనక్కాయలు పంపుతున్నాను. నువ్వూ తిను.

సరస్వతత్త


కుప్పం,
ఆగస్టు 29.

ప్రియమైన అత్తకు,

అన్నం పెట్టాను. కొత్త ఫైలు నిన్న నీ షాపు కంప్యూటర్‌కి పంపాను. సన్న గీతలన్నిటినీ ఒక్కొక్కటిగా కొంచెం లావు చేశాను. సున్నాల కడుపులు పెద్దవి చేశాను, ఇంకు నిండి మూసుకుపోకుండా. అయినా పెద్ద లావెక్కలేదు. ఎంత తిన్నా ఒంటికి పట్టని రకం.

ఇక్కడ నేను పనిచేసే యూనివర్సిటీ లైబ్రరీలో అలమార్ల మీది పేర్లన్నీ వీటితో వేసి అంటించాను. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే మెప్పు అనుకున్నాను. మా ఇంటి ఓనరు పాపక్క మాత్రం అన్నది. ఆమెది వెంకటగిరికోట, చదువు పెద్దగా లేదు, చూపు మాత్రం గట్టిది. ఒక కాగితం చేతికిచ్చి ఎట్లా ఉందని అడిగాను.

"ఏమి రాసిండాది ఇందులో?"

"ఏమైనా కానీ పాపక్కా, చూడటానికి ఎట్లుంది?"

"స్నానం సేసి, తల దువ్వుకోని, యాడికో పోను రెడీగా కూసున్నట్టుండాది మే."

ఇంతకంటే నాకు ఏ సర్టిఫికెట్టూ వద్దు.

అసలు సంగతి. ఉషక్కకు కుదిరింది! మీ పుంగనూరే. బస్టాండు దగ్గర కిరాణా అంగడి తులసమ్మ గారి కొడుకు శివకుమార్. నీకు తెలిసినవాళ్ళేనట. పెండ్లి మాఘమాసంలో, మదనపల్లెలో. అక్క ఫోన్ చేసి మొదట చెప్పింది అబ్బాయి గురించి కాదు. "నీ అక్షరాలు రెడీనా?" అంది.

అందుకని ఒక్క కోరిక అత్తా. అక్క పత్రిక వేసేదాకా వీటితో ఇంకే పనీ వేయకు. విజిటింగ్ కార్డు కూడా వద్దు. నా అక్షరాలు బయటికి అడుగు పెట్టడం మా అక్క పెండ్లితోనే కావాలి. నేను ఎప్పుడూ ఏమీ అడగను కదా. ఇది అడుగుతున్నాను.

నీ
కీర్తి


పుంగనూరు,
సెప్టెంబరు 20.

కీర్తీ,

నీ ఉత్తరం అందింది. ఆలస్యంగా రాస్తున్నాను. షాపులో ఊపిరాడని పని.

ఉషా సంబంధం విని సంతోషించాము. తులసమ్మ మంచిది. కొంచెం పట్టింపులు ఎక్కువ.

ఇక్కడ టమోటా మండీలో వేలం పాట పాడే ఆదెప్ప పోయాడు. నీకు గుర్తుందో లేదో. చిన్నప్పుడు సెలవులకు వస్తే ఆయన గొంతు విని నా వెనక దాక్కునేదానివి. మండీలో ఆయన ధర పలికితే మన వంటింట్లో వినపడేది. పొద్దున్నే ఆ అరుపు లేక ఊరు బోసిగా ఉంది. మీ మామ ఇప్పటికీ ఆ టైముకు కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. ఆయన ఉత్తరక్రియల కార్డులు మేమే వేశాము. ఊరంతా పంచారు.

ఒక మాట. నీ అక్షరాలు తెల్ల అట్ట మీద నల్ల ఇంకుతో వేస్తే బాగుంటాయి. బంగారం వాటికి నప్పదు. ఊరికే తోచింది, రాశాను.

ఉషా పత్రిక సంగతి నిదానంగా చూద్దాము. ఈసారి గీతలు పెట్టేదేమీ కనపడలేదు.

సరస్వతత్త


మదనపల్లె,
అక్టోబరు 25.

ప్రియమైన అత్తకు,

పండగ సెలవులకు ఇంటికి వచ్చాను. నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. వేరుశనక్కాయల ప్రస్తావన కూడా లేదు. ఒంట్లో బాగుందా?

నల్ల ఇంకు అన్నావు. పెండ్లి పత్రికకు నల్ల ఇంకు ఎవరు వేస్తారత్తా? నేను నల్ల చుడీదార్ వేసుకుని గృహప్రవేశానికి వచ్చానని వాకిట్లోనే ఆపి నీ చీర కట్టించింది నువ్వే కదా.

ఉషక్క పత్రిక మొత్తం కూర్చాను. ఒక ప్రతి మామూలు ప్రింటరు మీద తీసి భోజనాల దగ్గర పెట్టాను. నాన్న ముందు ఇంగ్లీషు పక్క చూశాడు, తర్వాత తెలుగు పక్క. తన పేరు దగ్గర ఆగాడు. వేలితో కింద గీత గీసినట్టు మెల్లగా చదివాడు.

"నా పేరు ఇంత బాగుంటాదని నాకు తెలీదే" అన్నాడు.

అమ్మ ముఖం తిప్పుకుని పప్పు వడ్డించింది. అక్క నన్ను గిల్లింది. ఇరవై నాలుగేళ్ళలో నాన్న నాతో అన్న మాటల్లో ఇదే నాకు బాగా నచ్చింది. ఇది కూడా నాతో అనలేదనుకో, కాగితంతో అన్నాడు.

వచ్చే నెల తులసమ్మ గారు, వాళ్ళ తోడికోడలు పత్రిక ఖాయం చేయడానికి వస్తారు. వాళ్ళు సరేనంటే నీ షాపులో అచ్చు. రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

నీ
కీర్తి


మదనపల్లె,
నవంబరు 19.

అత్తకు,

నిన్న వాళ్ళు వచ్చారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాన్న పత్రిక తెచ్చి పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు. తులసమ్మ గారు చేతిలోకి తీసుకున్నారు. చదవడానికి ముందే ఆగిపోయారు.

"ఈ అచ్చు యాడనో సూసినానే."

ఆమె తోడికోడలు తొంగి చూసింది. "యాడనో ఏంది అక్కా! ఆదెప్ప కర్మ కార్డు ఇదే అచ్చు గదా!"

"అవును గదా! సదివినంక ఇంట్లో పెట్టుకోకూడదని అబ్బుడే సించి పారేస్తిమి. మళ్ళా పెండ్లి పత్రికగా ఎదురొచ్చిందే తల్లీ!"

ఆమె కోపంగా అనలేదు. భయపడింది. పత్రికను పళ్ళెంలో పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. నాన్న "అట్లేం లేదమ్మా, ఇది మా చిన్నది గీసింది" అన్నాడు. "చిన్నదాన్ని ఏమీ అనలేదప్పా. బాగనే ఉండాది. కానీ పత్రిక ముట్టుకుంటానే సావు గ్యాపకం వస్తే ఎట్ల?" అంది.

వాళ్ళు వెళ్ళాక అక్క నా పక్కన కూర్చుంది. "మొదటి మెట్టులోనే గొడవ వద్దు కీర్తీ, ఇది వదిలేద్దాం" అంది. వదిలేశాం. మామూలు అక్షరాలే వేస్తారు. ఎర్ర అట్ట, బంగారు ఇంకు.

నేను నిన్ను ఒక్కటి అడిగాను. నువ్వు కాదని కూడా చెప్పలేదు. "నల్ల ఇంకుతో బాగుంటాయి, ఊరికే తోచింది" అని రాశావు.

నేను రేపు కుప్పం పోతున్నాను.

కీర్తి


పుంగనూరు,
డిసెంబరు 3.

కీర్తమ్మకు,

నీ ఉత్తరం మీ మామకు చదివి వినిపించలేదు. ఆయనే తీసి చదివాడు. ఆ పూట కాఫీ తనే కలుపుకున్నాడు.

నువ్వు ఒద్దని రాసిన ఉత్తరం నాకు అందేటప్పటికి ఆదెప్ప కార్డులు ఊర్లోకి పోయాయి. నీ ఉత్తరం ముందే వచ్చి ఉంటే వేసేదాన్ని కాదు. కానీ వచ్చిన తర్వాత చెప్పకుండా దాచింది నేనే. కర్మ కార్డుకు వేశానని నీకు ఏ నోటితో చెప్పాలి? ఉషా పత్రిక దాకా జనం మర్చిపోతారులే అనుకున్నాను. ఇంతమంది పత్రికలు వేసిన దాన్ని, మన జనం ఏదీ మర్చిపోరని నాకు తెలియదా? ఆశ.

ఎట్లా జరిగిందో విను. ఆదెప్ప కూతురు రూప వచ్చింది. నీ ఈడుదే. వాళ్ళ చిన్నాయన బైరప్ప ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, పురోహితుడి దగ్గరికి పోయాడు. నేను మా దగ్గరుండే రకాలన్నీ చూపించాను. లావువి, నీడ పడినవి, మెలికలవి. ఆ పిల్ల తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అప్పుడు బల్ల మీద నువ్వు మొదట పంపిన ఫైలు నుంచి తీసిన కాగితం ఉంది, పరీక్షకు నల్ల ఇంకుతో తీసింది. దాన్ని దగ్గరికి లాక్కుంది.

"ఇది వెయ్యి అత్తా."

"అది ఇంకా అయిపోలేదమ్మా, పరీక్షకు తీసినాము."

"మా నాయన బతికినన్నాళ్ళూ అరస్తానే ఉన్న్యాడు. మండీలో అరిసినాడు, ఇంట్లో అరిసినాడు, ఆసుపత్రిలో గూడా నర్సుల మీద అరిసినాడు. ఈ ఒక్క కాగితమన్నా ఆయన గురించి మెల్లగా సెప్పనీ."

నువ్వు ఉంటే ఒద్దని అనేదానివా? నువ్వు ఒద్దనేదానివే కాదు. అదే నా ధైర్యం.

ఆ కార్డు అచ్చయి వస్తే మీ మామ చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. "ఇన్నేండ్లుగా ఎన్నో కర్మ కార్డులు వేసినాను. మనిషి పోయినాడని మర్యాదగా సెప్పింది ఇదొక్కటే" అన్నాడు. అప్పటి నుంచి ఊర్లో ఎవరింట్లో పోయినా వచ్చి "ఆదెప్ప అచ్చు వెయ్యండి" అంటున్నారు. ఇంకెవరికీ వేయలేదు. ఫైలు చెడిపోయిందని అబద్ధం చెప్తున్నాను. నువ్వు తీసెయ్యమంటే నిజంగానే తీసేస్తాను.

అందరూ చించేసినా నేను ఒక కార్డు దాచుకున్నాను. ఇంట్లో పెట్టుకోకూడదంటారు. ఇందులో పెట్టి పంపుతున్నాను. చూసిన తర్వాత నీ ఇష్టం.

నా మీద కోపం ఉంటే ఉండనీ. తిండి మీద చూపించవద్దు.

సరస్వతత్త


కుప్పం,
ఫిబ్రవరి 24.

ప్రియమైన అత్తకు,

పెండ్లిలో నువ్వు నా విస్తట్లో అడగకుండా మూడో వడ వేశావు. నేను అడగకుండా తిన్నాను. దాంతో సగం కోపం పోయింది. మిగతా సగం గురించి రాస్తున్నాను.

నువ్వు పంపిన కార్డును చాలా రోజులు కవరులోనే ఉంచాను. పాపక్క చూస్తే గొడవ అని లైబ్రరీకి తీసుకుపోయి పెద్ద నిఘంటువులో పెట్టాను. లైబ్రరీ ఇల్లు కాదు కదా. పోయిన వారం తీసి చూశాను.

అత్తా, నేను గీసినప్పుడు నాకు అవి అట్లా కనపడలేదు. సన్న గీతలు చెక్కుచెదరకుండా పడ్డాయి. మామ వరుసల మధ్య ఎంత చోటు వదిలాడో! కింది వత్తులు ఊపిరి పీల్చుకుంటున్నాయి. 'ఆదెప్ప' అన్న పేరు మధ్యలో ఒక్కటే ఉంది. ఎవరో గది తలుపు మెల్లగా దగ్గరికి వేసినట్టుంది. ఈ అక్షరాలను నేను బంగారు ఇంకులోకి తోయాలని చూశాను. వాటికి అన్నం పెట్టి, పెట్టి, వేరే పిల్లలా చేయబోయాను. నన్ను కూడా చిన్నప్పటి నుంచి అందరూ "కొంచెం గట్టిగా మాట్లాడు" అంటారు. అదే పని నేను వీటితో చేశాను.

దుఃఖం లేదని కాదు. వీటితో పెండ్లి పత్రిక ఇక ఎవరూ వేయించుకోరు. నాన్న పేరు మళ్ళీ ఆ అక్షరాల్లో ఒక్కసారే వస్తుంది. అప్పుడు ఆయన చదువుకోలేడు. ఆ ఆలోచన వచ్చినప్పుడు పుస్తకాలు సర్దే పని పెట్టుకుంటున్నాను.

ఫైలు తీసెయ్యకు. అడిగినవాళ్ళందరికీ వెయ్యి. సన్న గీతలను మళ్ళీ మొదటి మాదిరే చేసి పంపుతున్నాను. అంకెలు కూడా సరిచేశాను. ఆ కార్డులో తేదీ పక్కకు ఒరిగి ఉంది, నువ్వు గీత పెట్టలేదు.

కార్డు నిఘంటువులోనే ఉంది. చించలేదు.

నీ
కీర్తి


పుంగనూరు,
మార్చి 30.

మా కీర్తికి,

జవాబు వెంటనే రాయాలి, తిరుగు టపాలోనే. ఫోన్లో అడిగితే నువ్వు "ఊ" అంటావు. నాకు "ఊ" చాలదు, కాగితం మీద కావాలి.

ఈరోజు రూప మళ్ళీ వచ్చింది. పెండ్లి కుదిరిందట, వైశాఖంలో. పెద్దాయన పోయిన ఏడాది లోపల చేస్తే చేసినట్టు, లేకపోతే ఇంకా చాలా ఆగాలని తొందర పడుతున్నారు. వెంట బైరప్ప. నేను పెండ్లి పత్రికల ఆల్బం తీశాను. ఆ పిల్ల తెరవలేదు.

"నాయన కార్డు అచ్చే పెండ్లి పత్రికకూ వెయ్యి అత్తా."

బైరప్ప లేచి నిలబడ్డాడు. "కర్మ కార్డు అచ్చు పెండ్లికా? నీకు మతి గిన పోయిందా పాపా? మొగపిల్లోని తట్టు వాళ్ళు సూస్తే ఏమంటారు?"

"ఆయప్పను అడిగినాను. నీ ఇష్టమే అన్న్యాడు."

"పెండ్లికొడుకులు అందరూ పెండ్లికి ముందు అట్లే అంటారు!"

మీ మామ మిషన్ చాటున నవ్వు దాచుకోలేక దగ్గాడు. రూప నవ్వలేదు.

"చిన్నాయనా, నాయన కార్డు నీ ఇంట్లో ఉండాదా?"

"ఎవురన్నా పెట్టుకుంటారా దాన్ని? సదివి సించేస్తిమి."

"అందరూ సించినారు. నేను వీధిలో పోతాంటే కాలవ పక్కన ఆయన పేరు ముక్కలైపోయి కనపడింది. తప్పని అనను, పద్ధతి అదే గదా. పెండ్లి పత్రిక ఎవురూ సించరు చిన్నాయనా. దేవుడి పటం పక్కన పెడతారు, ఫ్రిజ్జు మీద పెడతారు, యాండ్ల తరబడి పెట్టుకుంటారు. దాంట్లో నాయన పేరుంటాది, 'స్వర్గీయ ఆదెప్ప గారి కుమార్తె' అని. అదే పేరు, అదే అచ్చులో. ఈసారి సించకుండా ఉండనీ."

బైరప్ప కూర్చున్నాడు. మండీలో అన్న పక్కన నిలబడి ముప్పై ఏండ్లు చీటీలు రాసినవాడు. తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. "నల్ల ఇంకు మాత్రం వొద్దు" అన్నాడు. ఆయన ఒప్పుకోవడం అంతే.

నేను మాత్రం ఒప్పుకోలేదు. "ఈ అక్షరాలు మా మేనకోడలివి. ఒకసారి అడగకుండా వేసినాను. ఈసారి అడిగి వేస్తాను" అన్నాను. రూప "నేను గూడా రాయల్నా?" అంది. అవసరం లేదన్నాను.

రాయి.

సరస్వతత్త


కుప్పం,
ఏప్రిల్ 4.

అత్తా,

వెయ్యి.

ఇంకు కుంకుమ రంగు, ముదురుది, నువ్వు నా మొదటి ఉత్తరం మీద పుల్లతో గీశావే, అది. అట్ట మీగడ రంగు. మెరుపు వద్దు. రూప పేరు, ఆదెప్ప గారి పేరు ఒకే సైజు. స్వర్గీయ అని ఉంటే ఆ పేరు చిన్నదిగా వేయడం షాపుల అలవాటు. ఇందులో వద్దు.

తండ్రి పేరు ఉన్న వరుసను నేనే కూర్చి పంపుతున్నాను. అందులో మామను కూడా చేయి పెట్టనివ్వకు.

కీర్తి


పుంగనూరు,
ఏప్రిల్ 26.

కీర్తమ్మా,

పత్రిక ఇందులో ఉంది. నాలుగు మూలలా పసుపు పెట్టి మొదటిది దేవుడి దగ్గర పెట్టారు. రెండోది నీకు. రూప తన చేత్తో పసుపు పెట్టింది. కాబట్టి కొంచెం ఎక్కువగా ఉంది, దులపవద్దు.

నిన్న వాళ్ళు తులసమ్మ ఇంటికి పోయి పిలిచారట. ఉషా ఫోన్ చేసి చెప్పింది. తులసమ్మ పత్రిక చదివి, అటూ ఇటూ తిప్పి, ఆదెప్ప పేరు దగ్గర ఆగి, కండ్లు తుడుచుకుందట. తర్వాత కోడలి మీదికి తిరిగి, "ఇంత బాగుంటాదని మీ సెల్లెలు ఒక మాట గట్టిగా సెప్పుండకూడదా?" అందట. ఉషాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదంట.

పత్రిక ఇప్పుడు వాళ్ళ ఫ్రిజ్జు మీద ఉంది.

మే నెలలో పెండ్లికి వచ్చేస్తావు. రాకపోతే మీ మామ బస్సెక్కి వస్తాడు, చెప్తున్నాను.

సరస్వతత్త


కుప్పం,
ఏప్రిల్ 30.

ప్రియమైన అత్తకు,

పెండ్లికి వస్తాను. మామను బస్సెక్కించవద్దు, ఆయనకు ప్రయాణం పడదు.

పత్రిక నిన్న లైబ్రరీకే వచ్చింది. పసుపు దులపలేదు. ఒకటి రెండు సన్న గీతల్లో కుంకుమ ఇంకు కొంచెం ఆగింది కానీ తెగలేదు. ఇంగ్లీషు పక్క, తెలుగు పక్క చూశాను. ఒకే ఇంటి పిల్లల్లా ఉన్నాయి. మధ్యాహ్నం ఇంటికి తీసుకుపోయి పాపక్కకు కూడా చూపించాను. "రెడీగా కూసున్నింది గదా, ఇబ్బుడు బయల్దేరిండాది" అంది.

ఫైలు పేరు మార్చాను. ఇప్పుడు దాని పేరు 'ఆదెప్ప'. రూప వాళ్ళకు అభ్యంతరం లేకపోతేనే. అడిగి చెప్పు. నీ కొట్టంలోని ఆవుకు ఇక భయం లేదు.

ఇంకొకటి చెప్పాలా వద్దా అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చాను. ఉషక్క పత్రికలో మా నాన్న పేరు బంగారు ఇంకులో ఉంది కదా. భోజనాల దగ్గర తీసిన ఆ మొదటి ప్రతి ఎక్కడుందని అమ్మను అడిగాను. నాన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడట. మడత దగ్గర చిరుగు పట్టిందని ఇంకొకటి పంపమన్నాడు. పంపాను.

నిన్న సాయంత్రం పత్రికను ఆ పెద్ద నిఘంటువు దగ్గరికి తీసుకుపోయాను. కర్మ కార్డు పక్కన దాన్ని పెట్టాను. రెండు చోట్లా ఆయన పేరు ఒకే మాదిరి ఉంది. చిన్నప్పుడు ఆ గొంతుకు జడిసి నీ వెనక దాక్కున్నది గుర్తొచ్చింది. చుట్టూ చూశాను. అలమార్ల మధ్య ఎవరూ లేరనిపించింది. మండీలో పాడినట్టు, నాకు చేతనైనంత గట్టిగా, ఆ పేరు ఒక్కసారి పలికాను.

ఆదెప్ప!

అవతల చదువుకునే హాల్లో కుర్చీలన్నీ ఒక్కసారి కదిలిన చప్పుడు. ఎవరో అన్నారు, "ఆ గొంతు ఎవురిది మే?"

నీ
కీర్తి